బేరింగు కొనేముందు క్రాంకు కొలవండి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల మీద వచ్చిన వ్యాసం చదివి ఆ పూటే రాయబోయాను. కోపం చల్లారాక రాయమని మా ఆవిడ అంటే నాలుగు రోజులు ఆగాను. చల్లారలేదు.

"0.25 అండర్ సైజ్ బేరింగులు పలచగా ఉంటాయి, అరిగిన ఇంజన్లో సులువుగా కూర్చుంటాయి" అని రాశారు. క్రాంకు అంటే పిస్టన్ల ఊపుతో తిరిగే ఇంజన్ ఇరుసు, దాన్ని చుట్టి రెండు సగాల రేకులుగా కూర్చునేది బేరింగు. అండర్ సైజ్ అన్న మాట బేరింగుకు కాదండీ, క్రాంకుకు. లేత్ షాపులో క్రాంకును పావు మిల్లీమీటరు సన్నం చేయిస్తే, ఆ ఖాళీ పూడ్చడానికి వేసే బేరింగు మందంగా ఉంటుంది, ఒక్కో రేకు 0.125 మిల్లీమీటరు ఎక్కువ. మీరు రాసింది సరిగ్గా తలకిందులు. 31 ఏళ్ళు బస్సు ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది. మిగతా పాఠకుల సంగతేమిటి?

మా మేనల్లుడి దగ్గర శాన్ స్టార్మ్ ఉంది. గోవాలో 1998 నుంచి తయారైన రెండు సీట్ల బండి. ఫైబర్ బాడీ, 1,149 సీసీ రెనో ఇంజన్, 60 హార్స్ పవర్. ఇప్పుడు దానికి స్పేర్ అడిగితే దుకాణాల వాళ్ళు నవ్వుతున్నారు. అదే ఇంజన్ యూరప్‌లో క్లియో, ట్వింగో కార్లలో వచ్చింది కాబట్టి బేరింగులు దొరక్కపోవడం అంటూ లేదు, తెప్పించుకోవాలి. మావాడికి అంత ఓపిక లేదు. పేరు రాయను గానీ, ఒక పెద్ద దుకాణంలో "సేమ్ టు సేమ్ సార్" అని ఒక సెట్టు అంటగట్టారు. బిల్లు అడిగితే రేటు మారుతుందన్నారట. స్పేర్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరులో 18కి దిగింది. దిగినా వీళ్ళకి బిల్లు రాయడానికి చెయ్యి రాదు.

400 కిలోమీటర్లు తిరిగాడో లేదో కింద టక్ టక్ మొదలైంది. ఇంజన్ అడుగున నూనె ఉండే సంపు దింపితే, ఆ నూనెలో ఇత్తడి పొడిలా మెరుస్తోంది. రేకుల మీద పైపూత పోయి రాగి బయటపడింది. క్రాంకు మీద గోరు పెట్టి లాగితే గీత తగిలింది. వాడకుండా మిగిలిన రెండు రేకులు మైక్రోమీటరుతో కొలిచాను. ఒకే పెట్టెలోవి, ఒకదానికీ ఇంకోదానికీ మందంలో 0.02 మిల్లీమీటరు తేడా. వీపు మీద సైజు ముద్ర లేదు. రెండంగుళాల క్రాంకుకు నూనె నిలవడానికి వదిలే సందే సుమారు 0.05 మిల్లీమీటరు, తల వెంట్రుక కంటే సన్నం. అందులో 0.02 పోతే నూనె ఎక్కడ నిలుస్తుంది?

రకం గురించి కూడా మీ వ్యాసం "ఖరీదైనవే మేలు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. రాగి-సీసం మీద పలచని పూత ఉండే మూడు పొరల ట్రైమెటల్ బేరింగు బరువు బాగా మోస్తుంది, రేసు కారుకు బాగుంటుంది. కానీ ఆ పూత మందమే 0.02 చిల్లర, అది పోతే పోయినట్టే. అల్యూమినియం-తగరంతో చేసే రెండు పొరల బైమెటల్‌లో మెత్తటి పొర అంతకు పదింతలు మందం. ఊళ్ళో తిరిగే 60 హార్స్ పవర్ బండికి నేనైతే అదే వేస్తాను. ఏది వేసినా ముందు క్రాంకు కొలిచి, గీతలుంటే గ్రైండింగ్ చేయించి, మళ్ళీ కొలిచి, ఆ తర్వాతే సైజు చెప్పి బేరింగు కొనాలి. మా రోజుల్లో కుర్రాడికి మొదట మైక్రోమీటరు పట్టుకోవడం నేర్పేవాళ్ళం, పానా తర్వాత. ఇప్పుడు ఐటీఐ నుంచి వచ్చే పిల్లలు ఫోన్‌లో వీడియో చూసి బిగించేస్తున్నారు. వాళ్ళనని ఏం లాభం, నేర్పేవాడేడీ?

ఇక ప్రభుత్వం వారి వైభవం. 20 ఏళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025లో 10,000 చేశారు. 2022కి ముందు అది 600. ఇటు 50 ఏళ్ళు నిండితే గానీ వింటేజ్ హోదా ఇవ్వరు. మధ్యలో ఉన్న బండికి ఫీజు ఉంది, మర్యాద లేదు. మావాడు రెన్యువల్‌కి వెళితే కౌంటర్లో కుర్రాడు "శాన్ అని మా లిస్టులో లేదండీ, మారుతి అని కొట్టేయమంటారా?" అన్నాడట. ఇక మావాడికి అంటగట్టినలాంటి సరుకు సంగతి. నకిలీ ముద్రతో అమ్మితే ట్రేడ్ మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. నా ఎరుకలో ఆటో స్పేర్ల దుకాణం మెట్లెక్కిన అధికారి ఒక్కడూ లేడు. పొగ పరీక్ష స్టిక్కరు లేదని రోడ్డు మీద ఆపడానికి మాత్రం నలుగురుంటారు.

అండర్ సైజ్ సంగతి వచ్చే ఆదివారమైనా సవరించి వేయండి, అదీ మొదట వ్యాసం వేసిన చోటే. మూలన చిన్న అక్షరాల్లో వద్దు. ఈలోగా మావాడి క్రాంకు నూనె గుడ్డలో చుట్టి మా వరండాలో నిలబెట్టి ఉంచాం. ఒకసారి గ్రైండింగ్ అయ్యింది. ఇంకొక్కసారికే వీలుందని లేత్ షాపు ఆయన చెప్పాడు.

ఒక రిటైర్డ్ మెకానిక్,
విజయవాడ