పద్దెనిమిది రోజులు నిలబడ్డ మాట: సినిమాటోగ్రఫీ మంత్రి గారికి ఒక డిగ్రీ స్టూడెంట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. టికెట్ రేట్ల మీద నేను రాస్తున్న నాలుగో కాయితం ఇది. ముందటి మూడు ఒక ఆఫీసుల ఇచ్చిన. ఏ ఆఫీసో చెప్పను, చెప్తే ఆ ఇన్‌వర్డ్ సెక్షన్ల కూసునే అక్కకు ఇబ్బంది, పాపం ఆమె ఒక్కతే నాతోని మంచిగ మాట్లాడింది. మొదటిసారి ముద్ర కొట్టి తీసుకున్నది. రెండోసారి "మొన్ననే ఇచ్చినవ్ గద తమ్మీ" అన్నది. మూడోసారి నన్ను చూడంగనే నవ్వి "సినిమా టికెట్లేనా, అగో ఆడ పెట్టు" అని ఒక కాయితాల కుప్ప చూపించింది. ఆ కుప్ప మీద టీ గ్లాసు మరకలు కూడ ఉన్నయ్ సార్.

అందుకే ఈసారి అందరు చదివేటట్టు రాస్తున్న. మీకు చదివే టైం లేకపోయినా మీ సోషల్ మీడియా చూసుకునే అన్నలు ఎవరన్న స్క్రీన్‌షాట్ తీసి పెట్టకపోతరా అని ఒక చిన్న ఆశ.

టికెట్ రేటుకు హద్దు పెట్టిన జీవో 120 గురించి, ఆ హద్దు దాటి ఒక్కో సినిమాకి రేటు పెంచుకోనిచ్చే మెమోల గురించి మీకు తెల్వంది లేదు కాబట్టి డైరెక్ట్‌గ విషయంలకి వస్త. 2024 డిసెంబర్ 21 నాడు అసెంబ్లీల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు లేచి, తాను ఆ కుర్చీల ఉన్నన్ని రోజులు బెనిఫిట్ షోలు (రిలీజ్ ముందట ఎక్కువ రేటుకు ఏసే షోలు) ఉండయ్, రేట్లు పెంచుడు ఉండది అన్నరు. సంధ్య థియేటర్ కాడ ‘పుష్ప 2’ షో తొక్కిసలాటల ఒక తల్లి పానం పోయి అప్పటికి 17 రోజులు, ఆమె కొడుకు ఇంకా హాస్పిటల్లనే ఉన్నడు. మేము హాస్టల్ల ఫోన్ల లైవ్ పెట్టుకోని చూసినం. మా రూంల ఒకడు ఆ సినిమా హీరో అల్లు అర్జున్‌కి వీర ఫ్యాన్, ఆయన్ని ఎవరన్న ఒక్క మాట అంటే అన్నం ముందట నుంచి లేచిపోయే రకం, వాడు కూడ ఆ రోజు కిక్కురుమనలే. రేట్ల కాడికి వచ్చేసరికి "ఇది మాత్రం కరెక్ట్ రా" అన్నడు. అయిదు రోజులకు ఇండస్ట్రీ పెద్దలంతా పోయి కలిసిన్రు, అప్పుడు కూడ అదే మాట అన్నరని పేపర్ల చదివినం. అబ్బో అనుకున్నం.

ఎన్ని రోజులు నిలబడ్డది సార్ ఆ మాట? నేను వేళ్ల మీద లెక్కవెట్టిన, 18 రోజులు. మా అమ్మ తెచ్చిన ఉప్పు ప్యాకెట్ కూడ అంతకన్న ఎక్కువ రోజులు వస్తది. 2025 జనవరి 8 నాడు మెమో వచ్చింది, సంక్రాంతి సినిమా ‘గేమ్ ఛేంజర్’కి 10వ తారీకు తెల్లారుజామున 4 గంటల షో, ఆ రోజుకి మల్టీప్లెక్స్‌ల 150, సింగిల్ స్క్రీన్‌ల 100 ఎక్కువ. హైకోర్టు దాకా పోయినంక 11వ తారీకు వాపస్ తీసుకున్నరు. సినిమా వచ్చిన తెల్లారి! మరి ఆ మొదటి రోజు పైసలు ఎక్కువ పెట్టి చూసినోళ్లకు ఎవరన్న తిరిగి ఇచ్చిన్రా? నాకైతే అట్ల వచ్చినోడు ఒక్కడు దొరకలే.

సరే ఒక్కసారి పొరపాటు అయ్యిందనుకుందం, కోర్టు చెప్పింది, దిద్దుకున్నరు అనుకుందం. 2025 సెప్టెంబర్ల ‘ఓజీ’ సినిమాకి ఏమైంది? 24 రాత్రి 9 గంటలకు షో, టికెట్ 800. తెల్లారి నుంచి పది రోజులు సింగిల్ స్క్రీన్ 277, మల్టీప్లెక్స్ 445. దీన్ని మాత్రం బెనిఫిట్ షో అనొద్దట, ప్రీమియర్ అనాల్నట. ఒప్పుకుంటున్న సార్, మీరు మాట తప్పలే, బెనిఫిట్ షో నిజంగనే లేదు, పేరు మార్చుకోని వేరే ఇంట్ల ఉంటున్నది అంతే. (అసలు బెనిఫిట్ షో అంటే ఆపదల ఉన్నోళ్లకో ఒక మంచి పనికో ఆ షో పైసలు ఇచ్చేటోళ్లట, మా నాయిన చెప్పిండు. ఇప్పుడు ఆపదల ఎవరున్నరో మరి.)

ఆ 800ల 18 శాతం జీఎస్టీ లోపల్నే ఉంటది, లెక్క తీస్తే దగ్గర దగ్గర 122 రూపాయలు, అందుల సగం రాష్ట్రానికి. అదే సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్ మీద జీఎస్టీ 12 నుంచి 5కి తగ్గించిన్రు, పేపర్ల పెద్ద పెద్ద అక్షరాలతోని వచ్చింది, నేను కూడ సంబురపడ్డ, కానీ పెద్ద సినిమా వచ్చిన వారం 100 లోపు టికెట్ చూపించండి సార్, నేను ఫోటో ఫ్రేం కట్టించుకుంట.

ఇంకో ముచ్చట, మెమో ఎప్పుడు వస్తది? సినిమా తారీకు నెలల ముందే పోస్టర్ మీద ఉంటది, టీజర్, పాట, ట్రైలర్, ఫంక్షన్ అన్నీ టైం ప్రకారం వస్తయ్, మెమో ఒక్కటి మాత్రం సరిగ్గ రిలీజ్ ముందట ఊడిపడ్తది. అది వచ్చేదాక బుకింగ్ యాప్‌ల టికెట్లు ఓపెన్ గావు. మేము రాత్రి ఒంటిగంట దాక రిఫ్రెష్ కొట్టుకుంట కూసుంటం, ఓపెన్ కాంగనే సగం సీట్లు బూడిద రంగుల ఉంటయ్, ఎవడు బుక్ చేసిండో ఆ దేవునికే తెల్వాలె, మిగిలినయి ముందటి రెండు వరుసలు, దాని మీద మళ్ల కన్వీనియెన్స్ ఫీజు. ఎవరి కన్వీనియెన్స్ సార్? ఎవరన్న కోర్టుకు పోదామన్నా టైం ఉండది, కేసు నంబర్ పడేలోపే మొదటి వారం కలెక్షన్ పోస్టర్ వస్తది. సెప్టెంబర్ల అదే అయ్యింది గదా, హైకోర్టుల సింగిల్ జడ్జి గారు మెమో సస్పెండ్ చేసిన్రు, దాని మీద అప్పీల్, ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ఆ సస్పెండ్ మీద స్టే, ఆ రెండు మూడు రోజులు ఏ రేటు కరెక్టో కౌంటర్ల కూసున్నాయనకే తెల్వది. ఇది లేటైతున్నదా, లేటు చేస్తున్నరా అని నాకొక అనుమానం, తప్పైతే క్షమించండి.

ఇగ మా నాయిన సంగతి. బతుకమ్మ సెలవులల్ల కండ్లు చూపించుకునేటందుకు అమ్మా నాయినా సిటీకి వచ్చిన్రు. ఆ రోజే ‘ఓజీ’ రిలీజ్. నాయినకు అందుల హీరో పవన్ కళ్యాణ్ అంటే మస్తు ఇష్టం, పెండ్లికి ముందు సైకిల్ మీద పోయి చూసిన ముచ్చట్లు ఇప్పటికీ చెప్తడు. యాప్‌ల టికెట్ దొరకలే, కౌంటర్ కాడ ఉంటయేమో అని ఒక సింగిల్ స్క్రీన్ కాడికి తీస్కపోయిన, పెద్ద మల్టీప్లెక్స్ గూడ కాదు. ఒక్కో టికెట్ 277, ముగ్గురికి 831. నేను పైసలు తీస్తున్న, నాయిన నా చెయ్యి పట్టుకున్నడు. "అరేయ్, సినిమా కొననీకి వచ్చినమా, చూడనీకి వచ్చినమా?" అన్నడు. వెనక లైన్ల ఉన్నోళ్లంతా నవ్విన్రు. ఆయన కూడ నవ్విండు. నాకే నవ్వు రాలే.

చూడలే సార్. అమ్మ "నాకు తల నొస్తున్నది పోదాం పా" అన్నది, నొయ్యట్లేదని నాకు తెల్సు. ముగ్గురం బస్టాండ్ కాడ టీ తాగి, వాళ్లను బస్సెక్కిచ్చిన. మూడు రోజులకు నాయిన ఫోన్ చేసిండు, మస్తు ఖుషీగ ఉన్నడు, పక్కింటి పిలగాని ఫోన్ల సినిమా చూసిండట. "మధ్యల ఎవడో లేచి పోతుంటే వాని నెత్తి అడ్డమొచ్చింది గానీ, మంచిగనే ఉన్నది రా" అన్నడు.

ఇప్పుడు నేనేం చెయ్యాలె? మా సిలబస్‌ల సైబర్ ఎథిక్స్ అని ఒక చాప్టర్ ఉంది, నేనే సెమినార్ ఇచ్చిన, పైరసీ ఎందుకు దొంగతనమో పన్నెండు స్లైడ్లు చేసిన, చప్పట్లు కూడ కొట్టిన్రు. ఫోన్ల నాయినకు "అట్ల చూడొద్దు నాయినా, తప్పు" అని చెప్పాల్సింది నేను. నోరు రాలే. నవంబర్ల హైదరాబాద్ పోలీసులు పెద్ద పైరసీ సైటు నడిపేటాయన్ని పట్టుకున్నప్పుడు మా క్లాస్ గ్రూపుల ఆయన్ని రాబిన్‌హుడ్ చేసి మీమ్స్ పెట్టిన్రు, నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఆ సైటు నడిచిందే బెట్టింగ్ యాప్‌ల యాడ్ల మీద, ఆ యాప్‌లల్ల పైసలు పోగొట్టుకోని ఫీజు కట్టలేక ఇంటికి పోయినోడు మా హాస్టల్లనే ఉన్నడు. ఆయన రాబిన్‌హుడ్ ఎట్ల అయితడు? ఇదే గ్రూపుల రాసిన. ఒకడు ఒక్కటే లైన్‌ల రిప్లై ఇచ్చిండు: "మాట ఇచ్చి పెంచినోళ్లను అడగవ్ గానీ ఫ్రీగ చూపించినోణ్ణి తిడ్తవ్." దానికి 43 లైకులు. నా దాంట్ల రెండు, ఒకటి నాదే.

నా బాధ అర్థమైతున్నదా సార్? పైరసీ తప్పని నేను వాదించాల్నంటే నా వెనక ఒకరన్న మాట మీద నిలబడ్డోళ్లు ఉండాలె గదా. సర్కార్ అసెంబ్లీల చెప్పిన మాటకే 18 రోజుల వారంటీ అయితే, నేను పన్నెండు స్లైడ్లు పట్టుకోని ఎవరి ముందల నిలవడాలె?

వందల కోట్లు పెట్టినం, రేటు పెంచకపోతే మునుగుతం అని నిర్మాతలు అంటరు. పెట్టమని నేను చెప్పిన్నా? మా నాయిన పత్తి రైతు. విత్తనాలు, మందులు, కూలీలు అన్నీ పెరిగినయ్. పెట్టుబడి ఎక్కువైంది గాబట్టి పది రోజులు క్వింటాల్‌కు ఇంత ఎక్కువ తీస్కోవచ్చు అని రాత్రికి రాత్రి ఆయనకొక మెమో ఇయ్యండి సార్, మొదటి టికెట్ నేనే 800 పెట్టి కొంట. ఇష్టం ఉన్నోడు చూస్తడు, లేనోడు వారం ఆగుతడు అని కూడ అంటున్నరు. ఏడ ఆగాలె? మొదటి రోజు షో అయ్యేలోపే క్లైమాక్స్ రీల్స్‌ల తిరుగుతది, రెండో వారానికి థియేటర్ల ఇంకో సినిమా ఉంటది.

2025 జూన్‌ల గద్దర్ పేరు మీద అవార్డులు ఇచ్చిన్రు, మంచిగ అనిపించింది, నిజంగ. కానీ గొంగడి భుజం మీదేస్కోని పాడిన మనిషి పేరు స్టేజీ మీద పెద్ద లైట్లల్ల పెట్టి, గొంగడి వేస్కునేటోళ్లను మాత్రం కౌంటర్ కాడికెళ్లి వాపస్ పంపుతున్నం. ఎక్కువ మాట్లాడుతున్ననా? అయితే కావొచ్చు, మూడు కాయితాలు మర్యాదగనే రాసిన, అవి కుప్పల ఉన్నయ్.

నేను అడిగేది పెద్దదేం కాదు. మాట మీద ఉండండి. జీవో 120ల ఉన్న రేటే ఉండనీయండి, మల్టీప్లెక్స్ టికెట్ 295 అవుడే మాకు బరువు. పెంచాల్సిందే అంటే కనీసం నెల ముందు చెప్పండి, ఎందుకు పెంచుతున్నరో కారణం రాసి అందరికి కనవడేటట్టు పెట్టండి, రాత్రి పూట మెమోలు వద్దు. అది గూడ కాదంటే, సరే, "డిసెంబర్ 21 నాడు చెప్పిన మాట వాపస్ తీసుకుంటున్నం" అని అదే అసెంబ్లీల, అదే మైకుల చెప్పండి. మెమో వాపస్ తీసుకునుడు వచ్చు గదా మీకు, మాట వాపస్ తీసుకునుడు ఎందుకు రాదు? అట్ల చెప్తే నేను తిట్టను సార్, ఒట్టు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన్రు అనుకుంట.

మళ్ల 2026 సంక్రాంతి దగ్గరపడ్డది. నాయిన పత్తి పైసలు వస్తే మళ్ల సిటీకి వస్త అంటున్నడు, ఈసారి టికెట్ ఎంత ఉంటదో ముందే కనుక్కో అన్నడు. యాప్‌ల చూసిన, ఇంకా ఓపెన్ కాలే. మీకు తెల్సుంటే చెప్పండి సార్, నాయినకు ఫోన్ చేసి చెప్త.

ఇట్లు,
డిగ్రీ మూడో సంవత్సరం స్టూడెంట్
(మూడు కాయితాల ఇన్‌వర్డ్ నంబర్లు నా దగ్గర ఉన్నయ్, అడిగితే పంపుత)