స్క్రూలు విప్పినా తెరుచుకోని ఫోన్

సంపాదకులకు,

ఐఫోన్ బ్యాటరీ మార్చడం పెద్ద పనేం కాదు. చాలా మోడళ్లలో అడుగున రెండు స్క్రూలు విప్పి, అంచులు వేడిచేసి, డిస్‌ప్లే లేపి, జిగురు పట్టీలు లాగేస్తే సరి. చిక్కంతా ఆ తర్వాతే. 2018 నాటి ఐఫోన్ ఎక్స్‌ఎస్ మొదలు, బ్యాటరీ చిప్ ఫోన్ బోర్డుతో జత కలవకపోతే ఫోన్ హెచ్చరికలు మొదలుపెడుతుంది, బ్యాటరీ హెల్త్ (ఎంత సామర్థ్యం మిగిలిందో) కూడా చాలాకాలం చూపించేది కాదు. అదే మోడల్లోంచి తీసిన ఒరిజినల్ వేసినా అంతే అయ్యేది! అందుకే జగదీశ్ మార్కెట్‌లో పాత బ్యాటరీకి ఉన్న చిప్ బోర్డు కోసి కొత్త బ్యాటరీ సెల్‌కు స్పాట్ వెల్డింగ్ చేస్తారు. కోసేటప్పుడు కత్తెర బ్యాటరీ ప్లస్, మైనస్ కొనలు రెంటికీ ఒకేసారి తగిలితే షార్టే. భద్రత కోసమన్న తాళమే ఈ ప్రమాదం తెచ్చింది. 2024లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18, వేరే ఫోన్లలోంచి తీసిన ఒరిజినల్ పార్టులకు కొంత సడలింపు ఇచ్చింది, బయటి కంపెనీ బ్యాటరీకి మాత్రం హెచ్చరిక తప్పలేదు. అదే ఏడాది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఈ జత కట్టడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. మనకున్నది 2022 నాటి ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ ఒక్కటే.

తయారీ దగ్గరా ఇదే ధోరణి, సమస్య ముదిరాకే కదలిక. 2020లో కర్ణాటకలోని నరసాపురలో ఐఫోన్లు చేసే విస్ట్రన్ ఫ్యాక్టరీలో జీతాల కోతపై అల్లర్లు, 2021లో చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో మరో తయారీ సంస్థ ఫాక్స్‌కాన్ కార్మికుల హాస్టల్లో కలుషితాహారం. రెండుసార్లూ గొడవయ్యాకే ఆపిల్ ఆ ఫ్యాక్టరీలను ప్రొబేషన్‌లో (నిఘాలో) పెట్టింది. మన హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్‌లో ఉన్నదీ ఫాక్స్‌కానే. కార్మిక శాఖ అక్కడి హాస్టల్ వంటశాలల్నీ, కాంట్రాక్టర్ల హాజరు, జీతాల పట్టీల్నీ ముందే తనిఖీ చేయాలి.

— సెల్‌ఫోన్ మెకానిక్‌లు, అబిడ్స్, హైదరాబాద్