గుర్రప్పిల్లకు కోడె లెక్క వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది చంద్రగిరి. పెళ్లి ఊరేగింపులకు, దేవుడి ఉత్సవాలకు గుర్రాలను తీసుకెళ్లడం మా పని. మీ రైతు పేజీలో ఆవులు, గొర్రెల గురించి చాలా వస్తుంది గానీ గుర్రాల మాట నాకెప్పుడూ కనపడలేదు, అందుకే రాస్తున్నాను. మగ గుర్రప్పిల్లకు విత్తులు ఏ వయసులో తీయించాలి అన్నదే విషయం.

మా వైపు ఎవరిని అడిగినా ఒకటే చెప్తారు: రెండు పళ్లు వేయనీ, మెడ పట్టనీ, అప్పుడు చూద్దాం. అది కోడెల లెక్క. ఎ.రంగంపేట పశువుల పండగ చూస్తూ పెరిగినవాళ్లం, మూపురం చూసి కోడెను మెచ్చుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు, దాన్నే గుర్రానికీ పెట్టేస్తాం. కానీ గుర్రానికి పాలపళ్లు ఊడి మొదటి జత గట్టిపళ్లు వచ్చేది రెండున్నరేళ్లకి. ఏడాది దాటిన కొద్ది నెలలకే మగపిల్ల ఆడగుర్రాన్ని చూలు కట్టించగలదు, ఇంక పళ్ల కోసం ఆగితే ఏం లాభం?

నేనూ అలాగే ఆగాను, నాలుగో ఏడు వచ్చేదాకా. తిరుపతిలో ఒక పెళ్లికి తీసుకెళ్తే పక్క వీధిలో ఇంకో ఊరేగింపుకి ఆడగుర్రాన్ని తెచ్చారు, వాసన తగిలిందో లేదో మాది సకిలించి ముందుకాళ్లు పైకి ఎత్తేసింది, పెళ్లికొడుకు ఇంకా పైనే ఉన్నాడు. కళ్లెం నా చేతిలో ఉండబట్టి, ఆ అబ్బాయి జూలు గట్టిగా పట్టుకోబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి నెలలో ఆపరేషన్ చేయించాను. ఆ వయసుకి రక్తనాళాలు లావెక్కి ఉంటాయి, రక్తం చాలా పోయింది, వాపు తీయడానికి మూడు వారాలు పట్టింది, టెన్షన్‌తో ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

రెండోదానికి తొమ్మిదో నెలలోనే చేయించాను, జనవరిలో. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, బురద, ఎండలు ముదిరితే ఈగలు, అందుకే సంక్రాంతి తర్వాత మంచిది. ముందే ధనుర్వాతం టీకా వేయించాం, గుర్రానికి ఆ జబ్బు చాలా తొందరగా పట్టుకుంటుంది. మొదటి రోజు కదలనివ్వలేదు, మర్నాటి నుంచి రోజూ నడిపించాం, నడిస్తేనే లోపలి నీరు కారి వాపు తగ్గుతుంది. రెండు వారాల్లో గాయం మానింది. నెల దాటేదాకా ఆడగుర్రాల దగ్గరికి పోనివ్వలేదు, ఆపరేషన్ అయినా కొన్నాళ్లు చూలు కట్టే ప్రమాదం ఉంటుందని డాక్టరు గారు చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు, చుక్కలుగా రక్తం కారితే భయం లేదు, ధారగా కారినా, గాయంలోంచి పేగు లాంటిది ఏదైనా కిందికి జారినా గంట కూడా ఆగకుండా ఫోన్ చేయాలని.

చిన్నప్పుడు తీయిస్తే ఎదగదు అంటారు, అది నిజం కాదు. కాలి ఎముకలు ఎదగడం ఆలస్యంగా ఆగుతుంది కాబట్టి ఇంకొంచెం పొడుగే అవుతుంది. మెడ మాత్రం లావు కాదు, అది ఒప్పుకుంటాను. కానీ బ్యాండు, టపాకాయల మధ్య నడిచే గుర్రానికి లావు మెడ ఎందుకు?

కోడెలకు బయటి నుంచి నొక్కే పటకారు గుర్రానికి అస్సలు వాడకూడదు. అది పట్టుకుని ఇంటికొచ్చిన ఒకాయనను నేనే వెనక్కి పంపాను. మత్తు ఇచ్చి డాక్టరే కోసి తీయాలి.

1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉన్న ఊరు తిరుపతి. ఏటా సంక్రాంతి తర్వాత ఒక్క రోజు గుర్రప్పిల్లల కోసం శిబిరం పెట్టమని ఆ డాక్టర్లను మీ పేపరు ద్వారా అడుగుతున్నాను, చుట్టుపక్కల గుర్రాలు పెంచేవాళ్లందరికీ కబురు నేను చెప్తాను. నా దగ్గర ఇప్పుడు ఏడు నెలల పిల్ల ఉంది, ఒక విత్తే కిందికి దిగింది. దిగినదాన్ని ఒక్కదాన్నే తీయించొద్దు, లోపలిది మిగిలిపోతే గుర్రం మగగుర్రంలాగే ప్రవర్తిస్తుంది, రెండూ ఒకేసారి తీయాలి అని డాక్టరు గారు అన్నారు. సంక్రాంతికి దానికి పదో నెల వస్తుంది.

ఇట్లు,
ఒక గుర్రాల పెంపకందారు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా