ఆ వి గిటార్ ధర ఎందుకు తగ్గించానంటే

పోయిన వారం ఆదివారం నల్ల రంగు, ఇంగ్లీషు వి అక్షరం ఆకారం ఎలక్ట్రిక్ గిటార్ ఒకటి అమ్మకానికి పెట్టాను కదా, సెకండ్ హ్యాండ్, 18,500 అని, కండిషన్ చాలా బాగుంది అని కూడా రాశాను. ఆ చివరి మాట తప్పు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే పై కొస) వెనక పగులుంది. ముందు వైపు నుంచి ఆరు ఫొటోలు తీశాను కానీ గిటార్‌ని తిప్పి వెనక భాగం వెలుతురులో చూడలేదు, పొరపాటు పూర్తిగా నాదే, నాకు అమ్మినాయన కూడా ఇంకొకరి దగ్గర కొన్నదే కాబట్టి ఆయనకు తెలిసి ఉండకపోవచ్చు.

బయటపడింది మంగళవారం సాయంత్రం. రాజమండ్రి నుంచి ఒకబ్బాయి 2,000 అడ్వాన్స్ పంపాడు, ఇచ్చేముందు కొత్త తీగలు వేద్దామని కూర్చున్నాను. శ్రుతి చేసిన రెండు నిమిషాలకే ఆరో తీగ దిగిపోతోంది. కొత్త తీగలు సాగుతాయి, అది మామూలే, చేత్తో నాలుగైదు సార్లు లాగి మళ్లీ చేశాను, మళ్లీ దిగింది. పెగ్ (తీగ బిగించే మర) వదులైందేమోనని స్క్రూలు బిగించాను. ఆఖరికి ట్యూబ్‌లైట్ ఆర్పేసి ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి చూస్తే, నట్ (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ) వెనకాల రెండు అంగుళాల మేర వెంట్రుక లాంటి గీత. హెడ్‌స్టాక్‌ని మెల్లగా ముందుకు లాగితే గీత తెరుచుకుంటోంది, వదిలితే మూసుకుంటోంది. ప్రాణం ఉసూరుమంది.

ఇలాంటి గిటార్లలో ఆ చోటే ఎందుకు విరుగుతుందో చెబుతాను, మీ దగ్గర ఉన్నవాటికీ పనికొస్తుంది. హెడ్‌స్టాక్ వెనక్కి వంగి ఉంటుంది, నెక్ (ఎడమ చెయ్యి ఆడే పొడవాటి భాగం) అంతా ఒకే చెక్కలో చెక్కితే ఆ వంపు దగ్గర చెక్క నార పొట్టిగా తెగిపోతుంది. పైగా ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే ఇనప కడ్డీ) తిప్పే గుంట కోసం సరిగ్గా అక్కడే చెక్క తోడేస్తారు. మామూలు సైజు తీగలు ఆరూ కలిసి 40 కిలోలకు పైగానే లాగుతుంటాయి. గిటార్ వెల్లకిలా పడితే ముందు నేలకు తగిలేది హెడ్‌స్టాకే. ఇక వి ఆకారానికి ఇంకో కష్టం, మనం వాడే మామూలు స్టాండ్‌లో అది సరిగ్గా కూర్చోదు, అందుకని గోడకు ఆనిస్తారు, కింద ఉన్నవి రెండు కొనలే, నున్నటి టైల్స్ మీద అవి జారతాయి. ఇది కూడా అలాగే పడి ఉంటుందని నా అనుమానం. దయచేసి గోడకు ఆనించకండి, హుక్‌కి తగిలించండి.

తీగలు వదులు చేసి, పగుల్లోకి పల్చటి చెక్క జిగురు సిరంజితో ఎక్కించి, రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి క్లాంపులతో బిగించి రెండు రోజులు వదిలేశాను. తర్వాత తీగలు ఎక్కించి నాలుగు రోజులుగా శ్రుతిలోనే ఉంచాను, కదల్లేదు. గీత మీద రంగు వేసి కప్పలేదు, కావాలనే, కొనేవాళ్లు కళ్లతో చూసుకోవాలి. అతుకు గట్టిగానే పట్టింది, కానీ హెడ్‌స్టాక్ ఒకసారి పగిలిందంటే రేపు మీరు అమ్మినప్పుడు కూడా రేటు తక్కువే పలుకుతుంది, అది తెలిసే కొనండి. ధర 11,000 చేశాను.

మిగతావి కూడా చెప్పేస్తాను. ఇది అమెరికా కంపెనీ గిబ్సన్ గిటార్ కాదు, వాళ్ల ఫ్లయింగ్ వి అనే మోడల్ ఆకారంలో వేరే కంపెనీ చేసింది. అసలుది 1958లో వచ్చింది, కొరీనా అనే ఆఫ్రికా చెక్కతో, అప్పట్లో అమ్ముడుపోక వందలోపే బయటికి వెళ్లాయి, ఇప్పుడు వాటి ధర మనం ఊహించలేం. ఆ గిటార్‌తో పేరు తెచ్చుకున్న అమెరికా బ్లూస్ గిటారిస్ట్ ఆల్బర్ట్ కింగ్ ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతివాళ్ల వి గిటార్‌నే తీగల వరుస మార్చకుండా తిరగేసి వాయించాడు. మన గిటార్‌లో మొదటి మూడు ఫ్రెట్లు (నెక్ మీది లోహపు మెట్లు) కొంచెం అరిగాయి, బ్రిడ్జి (కింద తీగలు ఆనే భాగం) స్క్రూలకు తుప్పు పట్టింది (విశాఖ గాలికి ఇది తప్పదు, వాయించాక పొడి గుడ్డతో తుడవండి), వాల్యూమ్ నాబ్ గరగరలాడేది, శుభ్రం చేశాక పోయింది. పికప్‌లు (తీగల ధ్వనిని పట్టే అయస్కాంతాలు) మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, డిస్టార్షన్ పెట్టి ఒక్క తీగ మీటి వదిలేస్తే ఆ మోత చాలాసేపు నిలబడుతుంది.

కూర్చుని ప్రాక్టీస్ చేసేవాళ్లు ఒకసారి వచ్చి పట్టుకుని చూడండి. మామూలు గిటార్‌లా కుడి తొడ మీద పెడితే జారిపోతుంది. వి చీలికలో కుడి తొడ ఇరికించి, నెక్ కాస్త పైకెత్తి, క్లాసికల్ గిటార్ వాయించేవాళ్లలా పట్టుకోవాలి. అలవాటైతే పై ఫ్రెట్లకు చెయ్యి ఎంత హాయిగా వెళుతుందో, అడ్డం ఏమీ ఉండదు.

రాజమండ్రి అబ్బాయికి ఆ రాత్రే ఫోన్ చేసి అడ్వాన్స్ మొత్తం వెనక్కి పంపాను. బాగయ్యాక చూసి చెబుతానన్నాడు, కాబట్టి శనివారం దాకా మొదటి అవకాశం అతనిదే. గత ఆరు నెలల్లో నా దగ్గర సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నవాళ్లందరూ ఒకసారి తీసుకురండి, హెడ్‌స్టాక్ వెనక టార్చ్ వేసి చూసిపెడతాను, డబ్బులేం వద్దు. పగులు కనిపిస్తే నేనే బాగుచేస్తాను, లేదా మీ డబ్బు మీకిస్తాను. ఇకపై పెట్టే ప్రతి గిటార్‌కీ వెనక వైపు ఫొటో కూడా ఉంటుంది. సాయంత్రం 5 తర్వాత రండి, అప్పుడైతే ఆంప్ పెట్టి వినిపించగలను.