పాప పళ్ళు: ఏ పన్ను లెక్క దానిదే

చిట్టితల్లికి,

నువ్వు పంపిన ఎక్స్‌రే ఫొటో, డాక్టరుగారు రాసిచ్చిన ఎస్టిమేటు రెండూ చూశాను. ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే నాకు మాట సాగలేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నాలుగేళ్ళ పాపకు ఐదు పళ్ళు పుచ్చిపోయాయంటే ఏ తల్లికైనా గుండె గుభేలుమంటుంది. ఒక డాక్టరు మత్తు ఇచ్చి ఐదింటికీ ఒకేసారి రూట్ కెనాల్ చేసి క్యాప్‌లు వేద్దామన్నారు. ఇంకొకరు ఆరు నెలలు చూద్దామన్నారు. మీ అత్తగారేమో పాల పళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయి అంటున్నారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ముగ్గురూ ఐదు పళ్ళనూ ఒకే గాటన కట్టేస్తున్నారు. ప్రభుత్వాసుపత్రి పంటి విభాగంలో నర్సుగా ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఏ పన్ను లెక్క దానిదే. ఆ పన్ను ఇంకా ఎన్నేళ్ళు నోట్లో ఉండాలి? పుచ్చు నరం దాకా వెళ్ళిందా? ఈ రెండూ తేలితే చికిత్స సగం పైన తేలిపోయినట్టే.

పైన ముందున్న రెండు పళ్ళు ఏడేళ్ళ ప్రాంతంలో ఊడిపోతాయి. అంటే ఇంకో మూడేళ్ళు. కింది దవడ పళ్ళు అలా కాదు, వాటిలో వెనకది పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి. పాప ఇంకా ఆరేడేళ్ళు దాంతోనే నమలాలి. పైగా ఆరేళ్ళకు దాని వెనకాల మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కూడా పాల పన్నే అనుకుంటారు. దానికి ఆనుకుని ముందున్న పాల దవడ పన్నును తొందరపడి పీకిస్తే, ఈ కొత్త పన్ను ఆ ఖాళీలోకి జరుగుతుంది. తర్వాత రావాల్సిన పన్నుకు చోటుండదు, వంకరగా వస్తుంది. తప్పక పీకాల్సి వస్తే ఆ చోటు పోకుండా చిన్న లోహపు కమ్మీ బిగిస్తారు, దాని గురించి ముందే అడుగు. మీ అత్తగారికి కూడా ఈ మాట నెమ్మదిగా చెప్పు, ఆవిడా పాప మంచికోరే అంటున్నారు.

ఇక నొప్పి సంగతి. పాప రాత్రి నిద్రలోంచి లేచి ఏడ్చిందా, అన్నం ఇరుక్కున్నప్పుడే ఏడ్చిందా? ఈ తేడా చాలా ముఖ్యం. తిన్నప్పుడు కలుక్కుమని కాసేపట్లో తగ్గిపోతే నరం ఇంకా బతికే ఉండొచ్చు. ఏ కారణం లేకుండా రాత్రిపూట నొప్పి వస్తే, చిగురు మీద చీముపొక్కు కనిపిస్తే, పుచ్చు నరాన్ని చేరిందని అర్థం. అప్పుడు పైపై మందులు పనిచేయవు. నరం పై భాగం తీసి క్యాప్ వేయడమో, మొత్తం నరం తీసి శుభ్రం చేయడమో (అదే రూట్ కెనాల్), పీకడమో ఏదో ఒకటి చేయాల్సిందే. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఎడమ కింద వెనక పన్ను ఇలాంటిదే అనిపిస్తోంది. దాన్ని మాత్రం ఆరు నెలలు ఆపొద్దు. యాంటీబయాటిక్ సిరప్ తాగిస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తుంది. లవంగ నూనె అసలు పెట్టొద్దు, చిగురు కాలుతుంది, చిన్నపిల్లలు మింగితే ప్రమాదం. బరువును బట్టి పారాసెటమాల్ చాలు. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్ళు.

మిగతా నాలుగింటికి రూట్ కెనాల్ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. ముందు పళ్ళ పుచ్చు పైపైనే ఉంది. వాటికి సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు, పన్ను ఆరబెట్టి ఒక నిమిషం పూస్తారు. ఆరు నెలలకోసారి మళ్ళీ పూయాలి. జపాన్‌లో 1970 ప్రాంతం నుంచీ వాడుతున్నారు, 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. ఒకటే ఇబ్బంది, పుచ్చిన చోటు నల్లబడి అలాగే ఉంటుంది. నవ్వితే కనిపిస్తుంది. స్కూల్లో ఎవరో ఏదో అంటారని నువ్వు బాధపడతావని నాకు తెలుసు, అది చిన్న విషయమని నేననను. కావాలంటే తర్వాత పైన తెల్ల ఫిల్లింగ్ పెట్టించుకోవచ్చు. వెండి పడనివాళ్ళకు మాత్రం ఈ మందు పూయకూడదు.

నొప్పి లేని రెండు దవడ పళ్ళకు స్టీల్ క్యాప్ గురించి అడుగు. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు మొదలుపెట్టిన పద్ధతి, అందుకే హాల్ టెక్నిక్ అంటారు. పుచ్చును తొలవకుండానే పన్ను మీద క్యాప్ పెట్టి సిమెంట్‌తో మూసేస్తారు. లోపలి క్రిములకు చక్కెర అందక పుచ్చు ఆగిపోతుంది. క్యాప్ పెట్టేముందు ఆ దవడ పళ్ళ మధ్య రబ్బరు రింగు పెట్టి కొద్దిరోజులు చోటు చేస్తారు. క్యాప్ వేశాక కొన్నాళ్ళు పళ్ళు సరిగ్గా కలవనట్టు ఉంటుంది, అదే సర్దుకుంటుంది. బ్రిటన్‌లో మూడు నుంచి ఏడేళ్ళ వయసున్న 1,144 మంది పిల్లల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి. తొలిచి ఫిల్లింగ్ చేసినా, ఇలా మూసేసినా, జాగ్రత్తలు మాత్రమే నేర్పి చూసినా నొప్పి, చీము వచ్చినవాళ్ళ సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రతి గుంపులోనూ నూటికి నలభై మందికి అటూఇటుగా వచ్చాయి. నాకు దాన్నుంచి అర్థమైంది ఇదీ: నరం దెబ్బతినని పన్ను విషయంలో పాప తట్టుకోగలిగే పద్ధతినే ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా మూణ్ణెల్లకోసారి చూపిస్తూనే ఉండాలి.

మత్తు అంటే భయపడుతున్నావు. భయపడాల్సినంత లేదు, తేలిగ్గా ఒప్పుకోవాల్సిందీ కాదు. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ, పదే పదే గానీ మత్తు ఇవ్వడం గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. పాప ఆ వయసు దాటింది, అయినా అవసరం ఉంటేనే ఇవ్వాలి. నోరు తెరవనివ్వని పిల్లలకు, ఎక్కువ పళ్ళలో చీము పట్టినవాళ్ళకు అదే మంచి దారి. మన పాప కుర్చీలో కూర్చుని ఎక్స్‌రే తీయించుకుంది కదా! ఒక్క పన్నుకు, ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా ఇచ్చే లోకల్ ఇంజెక్షన్‌తో చేయించడం కుదురుతుందేమో మొదట అడుగు. మత్తు తప్పదంటే ఆసుపత్రిలోనే జరగాలి, మత్తు డాక్టరు వేరుగా ఉండి పాపనే చూస్తూ ఉండాలి.

ఫ్లోరైడ్ అనగానే నువ్వు ఉలిక్కిపడ్డావు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వంకర్లు పోయిన కాళ్ళతో నడిచే మన చుట్టాలను చూస్తూ పెరిగిన పిల్లవి, ఆ భయం సహజం. అది ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళు తాగినందువల్ల వచ్చిన జబ్బు. పంటి మీద ఆరు నెలలకోసారి పూసే చుక్క మందుకూ దానికీ పోలిక లేదు. మీ అపార్ట్‌మెంట్‌లో తాగేది బోరు నీళ్ళయితే మాత్రం ఆ సంగతి డాక్టరుకు చెప్పు. పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర ఉందో లేదో చూడు. బఠాణీ గింజంత చాలు. ఉమ్మేయించు, నీళ్ళు పుక్కిలించనక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పళ్ళు నువ్వో అల్లుడుగారో తోమాలి, పాప చేతికి వదలొద్దు. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, ఆ చక్కెర కలిపిన పాల సీసా కూడా. చక్కెర ఎంత తిన్నదన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు తిన్నదన్నదే పళ్ళను ఎక్కువ పాడుచేస్తుంది.

శనివారం పాత ఎక్స్‌రే తీసుకుని పిల్లల పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఒక్కో పన్ను మీద వేలు పెట్టి, ఇది ఎన్నేళ్ళు ఉండాలి, నరం దాకా వెళ్ళిందా, తొలవకుండా కుదరదా అని అడుగు. సమాధానాలు కాగితం మీద రాసుకో. విసుక్కునే డాక్టరైతే ఇంకొకరిని చూద్దాం. నేను శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తున్నాను, పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవడానికి నేనుంటాను.

అమ్మ