మడత చాకు ఫొటో కింద మారణాయుధమా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక కొట్లాట వార్త వచ్చింది. నేను రాసేది కొట్లాట గురించి కాదు, దాని పక్కన వేసిన ఫొటో గురించి. వార్తలో ఉన్నదేమో టెంకాయ బోండాలు కొట్టే మచ్చుకత్తి, ఫొటోలో ఉన్నదేమో నల్ల చెక్క పిడికి రెండు కొసలా ఇత్తడి పొన్నులు తొడిగిన మడత చాకు, దాని కింద ‘మారణాయుధం’ అని రాశారు. తొందరలో ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మ పెట్టేసుంటారు, అర్థం చేసుకోగలను. కానీ అచ్చం అలాంటి చాకే మా బీరువాలో ఉంది. మా ఆవిడ పేపరు తెచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "చూశారా, మీ మారణాయుధం పేపర్లో పడింది" అంది. అప్పటినుంచి రాయాలి రాయాలి అనుకుంటూ ఈరోజు కూర్చున్నాను.

నేను రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మడత చాకులు పోగుచేయడం నాకున్న పిచ్చి, కాదనను. పాత బిస్కెట్ డబ్బాలో 23 ఉన్నాయి. వాటిలో నాకు ప్రాణమైనవి వెనక లాకు ఉన్నవి, లాక్‌బ్యాక్ అంటారు. ఆ లాకు ఎందుకు పెట్టారో తెలిసినవాడికి దాన్ని మారణాయుధం అనడానికి నోరు రాదు. అది ఎదుటివాడి కోసం పెట్టింది కాదండీ, పట్టుకున్నవాడి వేళ్లు తెగకుండా పెట్టింది.

మా నాయన బంగారుపాళ్యం వైపు మామిడికి అంటు కట్టేవాడు. ఆయన చాకుకు లాకు లేదు, స్ప్రింగు బిగువు మీదే నిలబడేది. అంటు చాకులు చాలావరకు ఇప్పటికీ అంతే. ఆ పనికి అది చాలు కూడా, ఎందుకంటే కోసేటప్పుడు ఒత్తిడంతా వాదర మీద పడుతుంది, ఒత్తేకొద్దీ చాకు ఇంకా తెరుచుకోవాలని చూస్తుందే గానీ మూసుకోదు. వెన్ను మీద ఒత్తిడి పడితేనే ప్రమాదం. ఒకరోజు గట్టి కొమ్మలో చాకు మొన ఇరుక్కుపోతే అటూ ఇటూ ఊపి లాగబోయాడు, అది టక్కున మూసుకుంది, చూపుడువేలు ఎముక దాకా తెగింది. ఆ వేలు మళ్లీ సరిగ్గా మడత పడలేదు. ఎవరైనా అడిగితే "నాకు నేనే అంటు కట్టుకున్నాలే, పట్టలేదు" అని నవ్వేవాడు. ఆ చాకు ఇప్పుడు నా డబ్బాలో మొదటిది.

వర్క్‌షాపులో చేరిన చాలా ఏళ్లకు మొదటిసారి లాక్‌బ్యాక్ చేతిలోకి వచ్చినప్పుడు, నిజం చెప్తున్నా, పావుగంట సేపు ఊరికే తెరిచి మూస్తూ కూర్చున్నాను. పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది, అది నడుమనున్న పిన్ను మీద ఏతం మాను లాగా ఊగుతుంది. ముందు కొసన చిన్న కొక్కెం. చాకు పూర్తిగా తెరవగానే బ్లేడు మొదట్లో కోసిన గాడిలో ఆ కొక్కెం వచ్చి పడుతుంది, వెనక కొస కింద ఉన్న స్ప్రింగు దాన్ని ఎప్పుడూ పైకి తోస్తూనే ఉంటుంది కాబట్టి కొక్కెం లేవదు. మూయాలంటే వెనక కొసను బొటనవేలితో నొక్కాలి. అంతే. కానీ ఆ గాడికీ కొక్కేనికీ మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది, మేం ‘ప్లే’ అంటాం. ప్లే లేకుండా వేల చాకులు ఒక్కలాగే తయారుచేయడం ఎంత కష్టమో ఇనుమును అరగదీసే ఆకురాయి (ఫైలు) పట్టినవాడికే తెలుస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. పిడిని మరీ గట్టిగా బిగించి పట్టుకుంటే అరచేయే ఆ కొసను నొక్కేసి లాకు ఊడొచ్చు. అందుకని డేవిడ్ బోయ్ అనే చాకుల పనివాడు పట్టీ మీద, వేలు నొక్కేచోట, చిన్న లోతు కోశాడు. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మీరు ఫొటో వేసిన చాకు అమెరికాలోని బక్ కంపెనీ వాళ్ల 110 నంబరుదో, దాని నకలో. హోయ్ట్ బక్ అనే ఆయన కాన్సాస్‌లో కమ్మరి దగ్గర పని నేర్చుకుంటూ 1902లో మొదటి చాకు చేశాడు, అదీ అరిగిపోయిన ఆకురాళ్లతో. (మా వర్క్‌షాపులో పారేసిన ఆకురాళ్లు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.) ఆయన కొడుకు అల్ బక్ హయాంలో 1964లో ఈ 110 వచ్చింది. వెనక లాకు వాళ్లు కనిపెట్టింది కాదు, అంతకు ముందు శతాబ్దంలోనే ఉంది. వీళ్లు చేసిందల్లా మడవని కత్తి ఎంత గట్టిగా నిలబడుతుందో మడత చాకూ అంత గట్టిగా నిలబడేలా చేయడం. బ్లేడు 3.75 అంగుళాలు, బరువు రమారమి 200 గ్రాములు. జేబులో వేసుకుంటే పంచె జారుతుంది, అది వేరే సంగతి.

నాది మా బావమరిది కొడుకు అమెరికా నుంచి తెచ్చిన పాతది. 1986 నుంచి వాళ్లు ఏ సంవత్సరానికి ఆ గుర్తు బ్లేడు మొదట్లో కొడుతున్నారు, అంతకు ముందువైతే నంబరు పక్కన చుక్కలు చూసి పోల్చుకోవాలి. నాదాంట్లో చుక్కలే ఉన్నాయి. భూతద్దం పెట్టి చుక్కలు చూసుకున్న ఆ రాత్రి సంతోషం చెప్పలేను. తర్వాత జరిగింది వినండి. పాత ఇత్తడికి తేనెరంగు ముదిరి ఒక అందం వస్తుంది, పోగుచేసేవాళ్లు దాన్ని ముట్టుకోరు. కార్తీక మాసంలో మా ఆవిడ దీపపు కుందులతో పాటు నా చాకును కూడా చింతపండు వేసి తోమేసింది! తళతళా మెరుస్తూ బల్ల మీద పెట్టి "ఎంత మురికి పట్టించారో" అంది. ఏమంటాం. ఇంకొక మాట, ఇలాంటి చాకు ఉన్నవాళ్లు దాన్ని తోలు ఒరలో పెట్టి ఏళ్లతరబడి వదలొద్దు. తోలుకు ఇత్తడి చిలుము పడుతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. బయట పెట్టి కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే చాలు.

మడత చాకు అనగానే మనవాళ్లకు సినిమాల పుణ్యమా అని రాంపురి గుర్తొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో చేసిన ఆ చాకులకు బ్లేడే 9 నుంచి 12 అంగుళాలు ఉండేది. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనలు కూడా 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న బ్లేడుల గురించే మాట్లాడతాయి, అందులోనూ ఇంటి పనికీ సేద్యానికీ చేసినవాటిని పక్కన పెడతాయి. అలాగని నేను చాకు జేబులో వేసుకుని ఊరంతా తిరగమనడం లేదు. ఒకసారి మర్చిపోయి జేబులో ఉంచుకునే అలిపిరి దాకా వెళ్లాను, చెకింగు క్యూ కనిపించాక గుర్తొచ్చింది, వెనక్కొచ్చి తెలిసిన టీకొట్టు ఆయన చేతిలో పెట్టి కొండెక్కాను. దర్శనం చేసుకుని దిగేసరికి ఆయన దాంతో నిమ్మకాయలు కోస్తున్నాడు. "సామీ, ఇది ఎంతకిస్తారు?" అన్నాడు.

నాకు కోపం వచ్చేది నకిలీల మీద. మా వీధి కుర్రాడు ఒకడు పుర్రె బొమ్మ ఉన్న మడత చాకు ఆన్‌లైన్‌లో 300 రూపాయలకు తెప్పించాడు. లాకు ఉందన్నమాటే గానీ గాడి లోతే లేదు. పనసకాయ కోస్తుంటే మూసుకుని నాలుగు కుట్లు పడ్డాయి. వాడి వేలు చూస్తే మా నాయనే గుర్తొచ్చాడు. కొనేవాళ్లు చాకు తెరిచి, వేళ్లు దారిలో లేకుండా పట్టుకుని, వెన్నును చెక్క బల్లకు ఆనించి మెల్లగా ఒత్తి చూడండి. కదిలితే తిప్పి పంపేయండి. ఇది మీ పత్రికలో వేస్తే నలుగురి వేళ్లు మిగులుతాయి.

ఆ ఫొటో సంగతి సవరణ వేయమని పట్టుబట్టను, ఈసారి చూసుకుని వేయండి చాలు. ఇంకొక చిన్న కోరిక ఉంది. మన చిత్తూరు, తిరుపతి వైపు మామిడి నర్సరీల్లో, పాత ఇళ్ల అటకల మీద అంటు చాకులు ఇంకా ఉండే ఉంటాయి. తుప్పు పట్టిందని పాత ఇనుప సామాన్లవాడికి వేసేయకండి. మీ పత్రిక ఆఫీసుకు ఎవరైనా ఒక కార్డు ముక్క రాస్తే నేనే వచ్చి చూసుకుంటాను. కొనడానికని కాదు, చూడటానికే. అమ్ముతామంటే మాత్రం మా ఆవిడకు తెలియకుండా మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టరు,
కొర్లగుంట, తిరుపతి