ఫుట్‌బాల్ గ్రౌండ్ లెక్క సరే, ఆ రంధ్రాలు నిండాక ఏంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

2025లో కెమిస్ట్రీ నోబెల్ సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీ ముగ్గురికీ వచ్చినప్పటి నుంచి మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌ల గురించి, అదే ఎంఓఎఫ్‌లు అంటున్నారు కదా, లోహాన్ని కార్బన్ ఉన్న అణువులతో జోడించి చేసే, లోపలంతా సన్నటి రంధ్రాలుండే పదార్థాలు, వాటి గురించి పేపర్లలో బాగానే వస్తోంది, చాలా సంతోషం. కానీ ఏది చదివినా అదే లైను, కొన్ని గ్రాముల పొడిలో ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత వైశాల్యం దాక్కుని ఉంది అని. లెక్క కరెక్టే, కాదనను. వార్త అక్కడితోనే ఆగిపోతోంది, అదే నా బాధ. గాలి గానీ నీళ్లు గానీ ఆ లోపలి వైశాల్యం దాకా ఏ దారిన వెళ్తాయి, లోపల నిండిపోయాక సంగతేంటి, ఈ రెండూ చెప్పకపోతే ఆ పదార్థం గురించి సగం కూడా చెప్పినట్టు కాదండీ. ఇదంతా ల్యాబ్‌లో ఉండిపోయే వ్యవహారం అయితే నేను ఉత్తరం రాసేవాడిని కాదు, వాటర్ ఫిల్టర్‌లో ఉన్నది ఇలాంటిదే, గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి పేషెంట్‌కి ఇచ్చే ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌లో ఉన్నది ఇలాంటిదే, డీజిల్ బండి పొగగొట్టంలో, డయాలసిస్ చేసే ఫిల్టర్‌లో, పెయింటింగ్ పని చేసేవాళ్లు పెట్టుకునే మాస్క్ క్యాట్రిడ్జ్‌లో, అన్నిట్లోనూ ఇలాంటి రంధ్రాల పదార్థమే. వాటి మీద ఆరోగ్యాలు, ఒక్కోసారి ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ముందు అందరికీ తెలిసిన బొగ్గు సంగతే చూద్దాం. కట్టెనో కొబ్బరి చిప్పనో గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గు మీదికి 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఆవిరి పంపిస్తే ఆవిరి కార్బన్‌ని కొంచెం కొంచెంగా తినేస్తుంది, తిన్నచోటల్లా సందులు పడతాయి, అదే యాక్టివేటెడ్ కార్బన్. మంచి సరుకు అయితే ఒక గ్రాములో 1000 చదరపు మీటర్లు దాటి ఉపరితలం ఉంటుంది, అంటే ఎంఓఎఫ్‌లు రాకముందు నుంచీ ఈ ఫుట్‌బాల్ గ్రౌండ్ లెక్క బొగ్గుకి కూడా వర్తించేదే. అసలు పని చేసేవి 2 నానోమీటర్ల కంటే సన్నటి సందులు (నానోమీటర్ అంటే మీటర్‌లో వంద కోట్ల వంతు). ఎందుకంటే గ్యాస్ అణువుని గోడ లాక్కునే ఆకర్షణ చాలా బలహీనం, ఒక్క గోడ అయితే అణువు నిలవదు, అదే రెండు మూడు వైపుల నుంచి గోడలు దగ్గరగా ఉంటే అన్నీ కలిసి లాగుతాయి కాబట్టి అక్కడ ఇరుక్కుపోతుంది. కాబట్టి రంధ్రం ఎంత సన్నగా ఉంటే పట్టు అంత గట్టిది. ఇక్కడే చిక్కొస్తుంది.

సన్నటి గొట్టంలో ప్రవాహం ఎంత అనేది దాని వ్యాసార్థం నాలుగో ఘాతం మీద ఆధారపడి ఉంటుందని 19వ శతాబ్దంలోనే హాగెన్, ప్వాజోయ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అంటే గొట్టం వ్యాసం సగానికి తగ్గిస్తే, అదే ప్రెషర్ మీద అందులోంచి వెళ్లేది సగం కాదు, 16వ వంతు. మరి నానోమీటర్ల సందుల్లోంచి గాలిని తోయాలంటే ఏ ఫ్యానూ చాలదు, ఏ పంపూ చాలదు. అందుకే పట్టుకునే సందులు వేరుగా, మోసుకెళ్లే దారులు వేరుగా ఉండాలి. ముందు వెడల్పాటి కాలువలు, వాటి గోడల్లో కొంచెం సన్నటి దారులు, వాటి నుంచి చివరి సందులు, ఆ చివరి కొసలో గాలిని ఎవరూ తొయ్యరు, అణువులు వాటంతటవే తిరుగుతూ వెళ్లి చేరతాయి. మన ఊపిరితిత్తులు సరిగ్గా ఇలానే ఉన్నాయి, శ్వాసనాళం దాదాపు 23 సార్లు చీలి చీలి చివరికి సుమారు 70 చదరపు మీటర్ల ఉపరితలం దగ్గరికి గాలిని చేరుస్తుంది, అయినా ఊపిరి పీల్చడానికి మనం కష్టపడం. ఆ 70 చదరపు మీటర్లు ఎంత గొప్పవో ఆ 23 చీలికలూ అంతే గొప్పవి, నా దృష్టిలో ఇంకా ఎక్కువ.

కార్లలో పొగలోని విషవాయువులని మార్చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసుకోండి. లోపల కార్డియరైట్ అనే సిరామిక్‌తో చేసిన తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది, చదరపు అంగుళానికి 400 గదులు అనేది చాలాకాలంగా నడుస్తున్న మామూలు సైజు. ఇంజన్ పొగ ఆ కాలువల్లో నేరుగా ఈ కొస నుంచి ఆ కొసకి పోతుంది, అడ్డేమీ లేదు కాబట్టి ఇంజన్ మీద భారం తక్కువ, పని అంతా గోడల మీద పూసిన అల్యూమినా పొర చేస్తుంది, ఆ పొరలో సన్న రంధ్రాలు, వాటిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం కణాలు. ఇప్పుడు అదే తేనెపట్టు దిమ్మలో ఒక గది ముందు మూసి, పక్క గది వెనక మూసి, అలా ఒకటి విడిచి ఒకటి మూసుకుంటూ పోతే అది డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ అయిపోతుంది. పొగకి వేరే దారి లేదు కాబట్టి గోడలోంచి దూరి పక్క గదిలోకి వెళ్లాల్సిందే, మసి గోడ దగ్గర ఆగిపోతుంది. కేవలం మూతలు పెట్టే పద్ధతి మార్చడంతో ఒకే ఆకారం రెండు వేరే పనులు చేస్తోంది, ఇంత అందమైన ఇంజనీరింగ్ గురించి ఏ సైన్స్ పేజీలోనూ సరిగ్గా చదివిన గుర్తు లేదు నాకు. పైగా కథ అక్కడ అయిపోదు, ఆగిన మసి పేరుకుంటూ ఉంటుంది, దాన్ని 600 డిగ్రీల దగ్గరకి వేడెక్కించి అక్కడే కాల్చేయాలి. బండి ఎప్పుడూ దగ్గర దగ్గర దూరాలకే తిరుగుతూ ఉంటే ఆ వేడి రాదు, మసి కాలదు, ఫిల్టర్ బిగుసుకుపోతుంది. చాలామంది ఫిల్టర్ క్వాలిటీ బాలేదని తిడతారు గానీ పాపం అది పట్టుకునే పని బాగానే చేసింది, ఖాళీ అయ్యే చాన్సే రాలేదు.

ఖాళీ అవ్వడం అనే విషయంలో నాకు బాగా నచ్చేది ఆక్సిజన్ కాన్సంట్రేటర్. జియోలైట్ అనే ఖనిజాన్ని స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెడ్ 1756లోనే గుర్తించాడు, వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై బుసబుసా పొంగింది. ఇప్పుడు ఈ కాన్సంట్రేటర్ మెషిన్లలో వాడే జియోలైట్‌లు ఫ్యాక్టరీలో తయారుచేసినవి, క్రిస్టల్ లోపల కాలువలు ఒకే కొలతతో, అణువుల సైజులో ఉంటాయి. గాలిలో 78 శాతం నైట్రోజన్ కదా, ఈ జియోలైట్‌లోని సోడియం, లిథియం అయాన్లు నైట్రోజన్‌ని ఆక్సిజన్ కంటే గట్టిగా పట్టుకుంటాయి. జియోలైట్ నింపిన రెండు గొట్టాల్లో ఒకదానిలోకి గాలిని ప్రెషర్‌తో పంపితే నైట్రోజన్ లోపల ఆగి ఆక్సిజన్ బయటికొస్తుంది, కొన్ని సెకన్లకే ఆ గొట్టం నిండిపోతుంది, వెంటనే ప్రెషర్ వదిలేస్తే పట్టుకున్న నైట్రోజన్ అంతా బయటికి పోతుంది, ఈలోపు రెండో గొట్టం డ్యూటీ ఎక్కుతుంది. ఆ మెషిన్ కాసేపటికోసారి బుస్సుమనడం అందరూ వినే ఉంటారు, అది ఖాళీ అవుతున్న చప్పుడు. రిపేర్ కాదు, మెషిన్ పనిలో సగం అదే. బయటికొచ్చేది 100 శాతం ఆక్సిజన్ కాదు, 90 నుంచి 95 శాతం, మిగతాదాంట్లో ఎక్కువ ఆర్గాన్, దాన్ని జియోలైట్ ఆక్సిజన్‌తో సమానంగానే చూస్తుంది కాబట్టి విడదీయలేదు. ఇంకో మాట, జియోలైట్‌కి నైట్రోజన్ కంటే నీటి ఆవిరి మీద మమకారం చాలా ఎక్కువ, తేమ లోపలికి చేరితే ఆ సందుల్లో నీళ్లు కూర్చుంటాయి, ప్రెషర్ వదిలినా కదలవు, ఆక్సిజన్ శాతం మెల్లగా పడిపోతుంది, మెషిన్ మాత్రం మామూలుగానే చప్పుడు చేస్తూ ఉంటుంది. ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలియాలా వద్దా చెప్పండి.

డయాలసిస్ ఫిల్టర్ దీనికి పూర్తిగా వేరే జాతి, అది ఏదీ దాచుకోదు. దాదాపు 10,000 సన్నటి బోలు దారాలు, ఒక్కోదాని లోపలి వ్యాసం 0.2 మిల్లీమీటర్లు, లోపల రక్తం ఒక వైపుకి పోతుంటే బయట ద్రవం ఎదురు దిశలో పోతుంది, గోడలోంచి యూరియా, క్రియాటినిన్ లాంటి వ్యర్థాలు దాటిపోతాయి, రక్తకణాలు, అల్బుమిన్ అనే ప్రొటీన్ లోపలే ఉండిపోతాయి. అంటే రంధ్రాల వస్తువులన్నీ ఒకటే అనుకోకూడదు, పట్టుకుని నిండేవి కొన్ని, దాటనిచ్చి వేరుచేసేవి కొన్ని. వార్తల్లో రెండింటినీ ఫిల్టర్ అనే ఒక్క మాటతో కట్టేస్తున్నారు.

నిండేవాటితో ఉన్న ప్రమాదం ఏంటంటే నిండినట్టు పైకి తెలియదు. కార్బన్ క్యాట్రిడ్జ్‌లో గాలి వచ్చే వైపు పొర ముందు నిండుతుంది, ఆ హద్దు మెల్లగా వెనక్కి జరుగుతూ పోతుంది, చివరి పొర దాకా వచ్చేవరకు బయటికొచ్చే గాలి శుభ్రంగానే ఉంటుంది, ఆ తర్వాత కాసేపట్లోనే మొత్తం లీకవడం మొదలు. దీన్నే బ్రేక్‌త్రూ అంటారు. వాసన వచ్చినప్పుడు మారుద్దాంలే అనుకుంటే, కొన్ని విషవాయువులకి వాసనే ఉండదు, కొన్నిటికి ముక్కు అలవాటు పడిపోతుంది. ఇంకా ఘోరం ఏంటంటే నిండిన కార్బన్ వేడెక్కినా, అంతకంటే గట్టిగా అతుక్కునే ఇంకో ఆవిరి వచ్చినా, ముందు పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. అంటే పాత క్యాట్రిడ్జ్ ఊరికే పనిచేయకపోవడం కాదు, దాచుకున్న విషాన్ని తిరిగి ఇచ్చేయగలదు. నీళ్ల ఫిల్టర్‌లో కార్బన్ క్లోరిన్‌ని, వాసనని తీసేస్తుంది కానీ కరిగిన ఉప్పు, నైట్రేట్ దాన్ని దాటిపోతాయి, పైగా క్లోరిన్ పోయిన తడి కార్బన్ మీద బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది, టైముకి మార్చమని చెప్పేది అందుకే.

ఇక గాలిలోని సన్నటి దుమ్ము కణాలని పట్టే హెపా ఫిల్టర్. అది జల్లెడ అనుకుంటారు చాలామంది, కాదు. 0.3 మైక్రాన్ కణాలని 99.97 శాతం ఆపుతుందని రాస్తారు, దానికంటే చిన్న కణాలైతే దూరిపోతాయేమో అని భయం కూడా ఉంటుంది, నిజానికి చిన్నవి ఇంకా బాగా దొరుకుతాయి, ఎందుకంటే అవి గాలిలో అడ్డదిడ్డంగా తిరుగుతూ ఫిల్టర్‌లోని సన్నటి పోచలకి తగులుకుంటాయి, 0.3 చుట్టుపక్కల ఉన్నవే పట్టుకోవడం కష్టం కాబట్టి ఆ సైజుతో టెస్ట్ చేస్తారు. అయితే ఇదంతా కణాల లెక్క, గ్యాస్ అణువులని హెపా ఆపలేదు, దానికి కార్బన్ కావాలి, అదీ పల్చటి షీట్ కాదు, తగినంత మందంగా.

ఫిల్టర్ ఏది ఆపలేదో చెప్పుకోవడం సైన్స్‌కి సిగ్గుచేటు కాదండీ, దానివల్ల వచ్చిన లాభం చరిత్రలోనే ఉంది. 1884లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త చాంబర్లాండ్ గ్లేజు లేని పింగాణీతో ఒక ఫిల్టర్ చేశాడు, బ్యాక్టీరియా దాన్ని దాటలేదు. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ జబ్బు పడిన పొగాకు ఆకుల రసాన్ని అందులో వడపోస్తే, వడపోసిన రసం కూడా మంచి మొక్కకి జబ్బు తెచ్చింది. 1898లో డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఇది బ్యాక్టీరియా కాదు, వేరే రకం అని తేల్చాడు. వైరస్‌ల శాస్త్రం అలా మొదలైంది, ఫిల్టర్ ఆపలేనిదాన్ని ఎవరో శ్రద్ధగా గమనించడం వల్ల.

మళ్లీ ఎంఓఎఫ్‌ల దగ్గరికి వస్తా. కాల్ఫ్-20 అని ఒకటుంది, సిమెంట్ ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి పనికొచ్చి, టన్నుల లెక్కన తయారీ దాకా వెళ్లింది. దాని వైశాల్యం ఎంతో తెలుసా, గ్రాముకి 500 చదరపు మీటర్ల చుట్టుపక్కలే. రికార్డులు కొట్టిన వాటి పక్కన పెడితే పదో వంతు కూడా లేదు, మంచి యాక్టివేటెడ్ కార్బన్ కంటే కూడా తక్కువ. మరి ఎందుకు నిలబడింది అంటే తేమలో కూడా కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటుంది, ఆవిరితో ఖాళీ చేస్తే పాడవదు, మళ్లీ మళ్లీ వాడొచ్చు. ఈ ఒక్క ఉదాహరణ చాలు వైశాల్యం లెక్క ఎంత తప్పుదోవ పట్టిస్తుందో చెప్పడానికి. మామూలు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ లాగే మెషిన్ల వార్తలూ అంతే, గాలిలో అది 0.04 శాతమే కాబట్టి ఒక టన్ను పట్టాలంటే, ఒక్క అణువు కూడా వదలకుండా పట్టినా సరే, సుమారు 13 లక్షల ఘనపు మీటర్ల గాలిని ఆ కాలువల్లోంచి తోయాలి. అంత గాలిని తోసే కరెంటు, పట్టినదాన్ని వదిలించే వేడి ఎక్కడి నుంచి వస్తాయో రాయకుండా వార్త రాస్తే జనానికి ఏం అర్థమవుతుంది.

కాబట్టి మీ సైన్స్ పేజీ వాళ్లకి నా మనవి, ఇకమీదట ఇలాంటి కొత్త పదార్థం గురించి రాసేటప్పుడు తేమ ఉన్న గాలిలో ఎంత పట్టింది, ఎన్నిసార్లు ఖాళీ చేసి వాడారు, పొడిగానే ఉందా లేక గుళికలుగానో తేనెపట్టు మీద పూతగానో చేసి చూశారా అని పరిశోధకులని అడిగి రాయండి. పొడిని గుళికలు చేసేటప్పుడు కలిపే బంకకే కొన్ని రంధ్రాలు మూసుకుపోతాయి, ఏళ్లు పట్టేది అక్కడే.

ఇంకొక్కటి, ఇది మాత్రం ఆలస్యం చేయకుండా బాక్స్ కట్టి వేయండి ప్లీజ్. యాక్టివేటెడ్ కార్బన్ క్యాట్రిడ్జ్ కార్బన్ మోనాక్సైడ్‌ని ఆపదు. ఆ అణువుని బొగ్గు గట్టిగా పట్టుకోలేదు, దానికి మాంగనీస్, కాపర్ ఆక్సైడ్లతో చేసే హాప్‌కలైట్ లాంటివి వేరే ఉంటాయి, అవి పట్టుకోవు, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేస్తాయి, అవి కూడా తడిస్తే పనిచేయవు. అలాగే మూసి ఉన్న ట్యాంకులోకో, మ్యాన్‌హోల్‌లోకో, పాత బావిలోకో క్యాట్రిడ్జ్ మాస్క్ పెట్టుకుని ఎవరూ దిగకూడదు, ఎంత మంచి మాస్క్ అయినా ఉన్న గాలిని వడపోస్తుందే తప్ప లేని ఆక్సిజన్‌ని పుట్టించదు. అక్కడ ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గి ఉందేమో ముందు మీటర్‌తో చూడాలి, దిగాల్సి వస్తే బయటి నుంచి గాలి అందించే పరికరంతోనే దిగాలి, ముందు దిగినవాళ్లు పడిపోతే వాళ్లని తీయడానికి ఇంకొకరు ఉత్త మాస్క్‌తో దూకకూడదు.

ఇట్లు,
మీ పాఠకుడు